పదహారు పేర్ల కాగితం

మొన్న ఆదివారం మా అల్లుడు టీవీ ముందు నుంచి లేవకుండా, ఎక్కడో విదేశంలో ఉన్న ఒక ఫుట్‌బాల్ జట్టు మీద మధ్యాహ్నం దాకా చిరాకుపడుతూనే ఉన్నాడు. ఆ జట్టువాళ్ళు వయసు మళ్ళిన ఆటగాణ్ణి ఇంకో రెండేళ్ళు ఉంచుకున్నారట, కుర్రవాణ్ణి పక్క జట్టుకు వదిలేశారట, ఇక ఆ జట్టు పని అయిపోయిందట. అన్నం చల్లారిపోతోందని మా అమ్మాయి నాలుగుసార్లు పిలిచినా పలకలేదు. నేను పక్కన కూర్చుని చెనక్కాయలు వొలుచుకుంటూ అతను చెప్పేదంతా విన్నాను. ఎవరిని ఉంచాలి, ఎవరిని తియ్యాలి, వచ్చే ఏడాదికి ఎవరు అక్కరకొస్తారు అన్న ఆ లెక్కంతా ఒకప్పుడు నా చేతిలో ఉండేదని, నేను మొట్టమొదట తీసేసిన మనిషి మా సొంత బావేనని అతనికి తెలియదు. చెప్పినా నమ్మడు. మీరు నా ఈడువాళ్ళు, మీకైతే చెప్పుకోవచ్చు.

తొంభైల్లో చిత్తూరు నుంచి పలమనేరుకు వెళ్ళే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను కాయలు ఏరించే సూపర్‌వైజరుగా పనిచేశాను. లారీల్లో వచ్చిన బెంగుళూరా కాయల్ని యార్డులో దింపించి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, ఇవాళే మిషనుకు పోవాల్సినవి ఒక కుప్ప, మూడు రోజులు గడ్డిలో ఉంచాల్సినవి ఒక కుప్ప, వారం దాకా ముట్టుకోకూడనివి ఒక కుప్ప వేయించడం నా పని. కాయ ఏ రోజుకు మాగుతుందో చెప్పడంలో జిల్లాలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ ఉంది, మా ఆవిడ ముందు మాత్రం అనను, ఎందుకంటే ఇంట్లోకి నేను తెచ్చిన పుచ్చకాయలు ఏనాడూ తియ్యగా లేవు.

మామిడి కాపు ఉన్న మూడు నాలుగు నెలలే ఆ ఫ్యాక్టరీలో సందడి. కాపు అయిపోతే మిషన్లు కడిగి గుడ్డలు కప్పేవాళ్ళు, మాలాంటి నలుగురైదుగురిని తప్ప అందరినీ ఇళ్ళకు పంపేసేవాళ్ళు. ఇళ్ళకు పోకుండా మిగిలేది ఇంకో పదహారుమంది, వాళ్ళు ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు. మా యజమాని మద్రాసులో చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు, ఆ పిచ్చి తలకెక్కి దిగలేదు. అటు వేలూరు, ఇటు కోలారు దగ్గర కావడంతో ఆ రోజుల్లో మా సరిహద్దు ఊళ్ళలో క్రికెట్టుతో పాటు ఈ ఆటకూ మంచి గిరాకీ ఉండేది. జట్టు కాగితంలో పేరున్నవాడికి ఏడాది పొడుగునా జీతం, పొద్దున సాయంత్రం ఆడటమే పని. పేరు లేనివాడు మళ్ళీ కాయ వచ్చేదాకా ఎనిమిది నెలలు కూలి వెతుక్కోవాలి. అందుకే టైమాఫీసు బోర్డు మీద ఆ కాగితం అంటించే రోజున పరీక్షా ఫలితాల నాడు బడి ముందు గుమిగూడినట్టు జనం గుమిగూడేవాళ్ళు.

ఆ పేర్లు రాయడానికి ముగ్గురు పెద్దమనుషుల కమిటీ ఒకటి ఉండేది. ఒకాయన తమ్ముణ్ణి, ఇంకొకాయన మేనల్లుణ్ణి, మూడో ఆయన ఇంటి ఎదురుగా ఉన్నవాణ్ణి రాసుకుంటూ వచ్చారు. వరసగా మూడేళ్ళు చిత్తూరు పోటీల్లో మొదటి ఆటకే ఓడి, లారీలో ఎవరి ముఖం ఎవరూ చూసుకోకుండా తిరిగొచ్చాం. నాలుగో ఏడు కాపు ముగింపుకొచ్చాక యజమాని యార్డుకు వచ్చి, నా చేతిలోని కాయను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈసారి కప్పు రాకపోతే జట్టు ఎత్తేస్తా. పదహారు పేర్లు నువ్వే రాయప్పా, కాయలు ఏరినట్టు ఏరు" అని వెళ్ళిపోయాడు. బళ్ళో చదివేటప్పుడు రెండేళ్ళు హాఫ్ బ్యాకుగా ఆడటం తప్ప ఆ ఆటతో నాకున్న సంబంధం గట్టు మీద కూర్చుని చూడటమే.

చేతనైన పద్ధతే పట్టుకున్నాను. పది రోజులు సాయంత్రం పూట ఫ్యాక్టరీ వెనక మైదానంలో కూర్చుని, కాగితం మీద మూడు గళ్ళు గీసి, ఈ ఏడాదికి సిద్ధంగా ఉన్నవాళ్ళు, వచ్చే ఏడాదికి తయారయ్యేవాళ్ళు, ఇంకా ఓపిక పట్టాల్సినవాళ్ళు అని పేర్లు వేసుకుంటూ వచ్చాను. బాయిలరు దగ్గర పనిచేసే గోల్‌కీపరు మొదటి గడిలో మొదటివాడు, వేడికి అలవాటుపడ్డ మనిషి కాబట్టి ఎంత బలమైన బంతికైనా చేతులు వెనక్కి తీసేవాడు కాదు. కమిటీవారి తమ్ముడు, మేనల్లుడు ఏ గడిలోనూ పట్టలేదు. లోడింగులో పనిచేసే పాతికేళ్ళ మనిషి ఒకడు, సత్యవేడు వైపు నుంచి వచ్చినవాడు, సగం తెలుగు సగం అరవం మాట్లాడేవాడు, మూడేళ్ళుగా కమిటీ అతన్ని మందకొడి అని పక్కన పెట్టేసింది. నేను చూస్తే అతను నెమ్మదిగా ఉండేది బంతి లేనప్పుడు మాత్రమే. ఎడమ కాలికి బంతి అందితే ఆపడం ఎవరి తరమూ కాలేదు. కుడి కాలు మాత్రం కాలు కాదు, కర్ర. అతని పేరు మొదటి గడిలో రాసి, పక్కనే "ఎడమ కాలు చాలు, కుడిది లెక్కలోకి రాదు" అని నా తెలివంతా ఒలకబోసి రాసుకున్నాను.

అతను ఆడేది ముందువరుసలో, ఎడమవైపున. ఆ చోటు మా బావది. బావ అంటే మా అక్క మొగుడు, జట్టుకు ఆరేళ్ళు కెప్టెను, చిత్తూరులో ఆయన ఆట చూడ్డానికే జనం వచ్చేవాళ్ళు, నాకు ఆ ఫ్యాక్టరీలో పని ఇప్పించిందీ ఆయనే. రెండేళ్ళ కింద మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచి పరుగులో పస తగ్గింది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ పది రోజులూ ఆయన పేరు మొదటి గడిలో రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. మా అక్క ఇద్దరు పిల్లల చదువూ, ఇంటి బాడుగా అన్నీ ఆ ఏడాది పొడుగు జీతం మీదే నడిచేవి. ఆయన్ని రాస్తే నేను కమిటీ నాలుగో మనిషినవుతాను, కప్పు రాదు, జట్టు పోతుంది, పదహారు ఇళ్ళూ వీధిన పడతాయి. రాయకపోతే పడేది మా అక్క ఇల్లు ఒక్కటే. ఇంత తేలికైన లెక్క చెయ్యడానికి నాకు అన్నేసి రోజులు పట్టింది.

బోర్డు మీద చూసి తెలుసుకునే గతి ఆయనకు పట్టించకూడదని, కాగితం అంటించే ముందు రోజు గుండె రాయి చేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క సంగటి వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తకుండానే సంగతి చెప్పేశాను. అక్క చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. బావ నా జేబులోని కాగితం అడిగి తీసుకుని, పైనుంచి కిందిదాకా చదివి, "లిస్టు బాగుండాదప్పా. నేను రాసినా ఇట్లే రాసుందును. తిను, సంగటి ఆరిపోతాది" అన్నాడు. అక్క మాత్రం నన్ను వాకిలి దాకా సాగనంపి, "మాకు అన్నం పెట్టినోడి పేరు కొట్టేసినావే, నీకు చెయ్యెట్లా వచ్చినాది రా" అని తలుపు వేసుకుంది.

పోటీలకు ఇరవై రోజులు ఉన్నాయి. ఆ ఇరవై రోజులూ అక్క నాతో మాట్లాడలేదు. పగలు బావ ఒక కట్టెల అడితిలో పనికి కుదిరాడని విన్నాను. సాయంత్రం వాళ్ళ ఇంటివైపు వెళ్తే ఎప్పుడూ ఉండేవాడు కాదు, నా ముఖం చూడటం ఇష్టంలేక తప్పుకుంటున్నాడని అనుకున్నాను. కమిటీ పెద్దలు టీ అంగడి దగ్గర నన్ను చూసి, ఇంటల్లుణ్ణే తరిమినోడు కప్పు తెస్తాడంట అని నాకు వినబడేటట్టు చెప్పుకునేవాళ్ళు.

చిత్తూరు మైదానంలో మా జట్టు మొదటి ఆట గెలిచింది. రెండోదీ గెలిచింది. మూడో ఆట గెలిచేసరికి ఫ్యాక్టరీకి రెండు లారీలు చాలలేదు, ఫైనలుకు మామిడి కాయలు నింపినట్టు మనుషుల్ని నింపుకుని అయిదు లారీలు కదిలాయి. ఎదుటి జట్టు వేలూరు నుంచి వచ్చింది, ఏటా కప్పు పట్టుకుపోయేది వాళ్ళే. సగం ఆటకు చెరొక గోలు. వేలూరువాళ్ళు తెలివైనవాళ్ళు, మా లోడింగు మనిషి ఎడమ కాలి సంగతి కనిపెట్టి, ఇద్దరిని అతని ఎడమవైపు గోడలాగా నిలబెట్టారు. నేను ఒలకబోసిన తెలివి వాళ్ళు కూడా చదివినట్టే ఉంది. ఇంక రెండు నిమిషాలుందనగా బంతి వచ్చి అతని కుడి కాలి ముందు పడింది. అయిపోయిందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. గీత బయట జనంలోంచి ఎవరో "కుడిదిరా, కుడిది, మడమ ఎత్తకుండా కొట్టు" అని గొంతు చించుకుని అరిచారు. ఆ గొంతు నాకు తెలుసు. కళ్ళు తెరిచేసరికి బంతి వలలో ఉంది.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. మా గోల్‌కీపరు మైదానం ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పరిగెత్తుకొచ్చాడు, యజమాని చెప్పులు వదిలేసి గంతులేశాడు, నేను ఎవరినో కావలించుకుని ఏడ్చాను, చూస్తే ఆయన కమిటీ పెద్దమనిషి. లోడింగు మనిషి మాత్రం ఎవరికీ అందకుండా నేరుగా జనంలోకి దూరి, మా బావను భుజాల మీదికి ఎత్తుకుని మైదానంలోకి తెచ్చాడు. ఆ ఇరవై రోజులూ సాయంత్రం సాయంత్రం అడితి వెనక ఖాళీ జాగాలో, నొప్పి మోకాలితోనే, మా బావ ఆ కుడి కాలిని కర్ర నుంచి కాలుగా చేశాడని అతను చెబితే నాకు అప్పుడు తెలిసింది. నా కాగితంలో పేర్లన్నీ సరైనవే. ఆ ఒక్క పేరు పక్కన రాసిన మాట తప్పు. అంత సంతోషంగా తప్పు ఒప్పుకోవడం నా జన్మలో అదొక్కసారే.

మరుసటి రోజే యజమాని ఆ కాగితం తెప్పించుకుని, జట్టు ఎత్తెయ్యడం లేదని చెప్పి, ఆట నేర్పేవాడని పదిహేడోదిగా మా బావ పేరు తన చేత్తోనే రాశాడు. ఆదివారం నన్ను అక్క ఇంటికి రమ్మని కబురొచ్చింది. కోడి కూర చేసింది. నా విస్తట్లో రెండోసారి వడ్డిస్తూ, "ఏమన్నా అనింటే మనసులో పెట్టుకోవద్దు రా, నాకు ఆటల సంగతి ఏం తెలుసు" అంది. ఆటల సంగతి నాకూ అంతంతమాత్రమేనని అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఏడేళ్ళు నేనే పేర్లు రాశాను. నాలుగుసార్లు కప్పు తెచ్చాం. వచ్చే ఏడాదికని, ఓపిక పట్టాలని నేను గళ్ళలో వేసుకున్నవాళ్ళు దాదాపు అందరూ చెప్పిన ఏటికి చెప్పినట్టు తయారయ్యారు, ఇద్దరు రాష్ట్ర జట్టుకు కూడా ఆడారు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకున్నా ఫర్వాలేదు, ఆ గొప్ప నాకు దక్కాల్సిందే. తీసెయ్యాల్సి వచ్చిన ప్రతివాడి ఇంటికీ బోర్డు కంటే ముందు నేనే వెళ్ళాను. కొందరు తిట్టారు, ఒకరిద్దరు తలుపు తియ్యలేదు. ఆఖరి ఏడు తీసేసిన పేరు ఆ లోడింగు మనిషిదే, నడుం పట్టేసి పరుగు పోయింది. నేను గుమ్మంలో నిలబడి నోరు తెరవకముందే అతనికి అర్థమైపోయింది. లోపలికి రమ్మని, చాప వేసి, భార్యను కాఫీ పెట్టమని, "నా చోటుకు వచ్చేవాణ్ణి రేపు సాయంత్రం పంపించన్నా. వాడికి తలతో కొట్టేది రాదు" అన్నాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ చేతులు మారింది. మైదానంలో శీతల గిడ్డంగి కట్టారు. కాయల్ని బొటనవేలితో నొక్కే అవసరం లేకుండా మిషనే ఏరుతుందట. ఇప్పటి ఆటగాళ్ళకు జట్టులో ఉన్నారో లేదో ఫోనులోనే తెలిసిపోతుందట, ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్ళక్కర్లేదు. మా అల్లుడు చూసే జట్లు మా కంటే వెయ్యి రెట్లు బాగా ఆడతాయి, కాదనను. కానీ తన చోటు పోయినవాడే ఆ చోటుకు మనిషిని తయారుచేసిన జట్టు మాదొక్కటే నేను చూశాను, అలాంటిది మళ్ళీ చూడలేదు.