మగ్గం మీద టీవీ

1986వ సంవత్సరం. ధర్మవరంలో నేను టీవీ రిపేరు అంగడి తెరిచిన తర్వాత వచ్చిన రెండో వేసవి. అంతకుముందు హైదరాబాదులో ఒక రేడియో అంగడిలో పని నేర్చుకున్నాను. పనితోపాటు హిందీ కూడా అక్కడే అబ్బింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో హిందీ వచ్చిన టీవీ మెకానిక్ అంటే కొంచెం గౌరవమే ఉండేది, కానీ ఆ గౌరవం వెనకే బోలెడు చాకిరీ కూడా ఉండేది.

అప్పట్లో టీవీ ఉన్న ఇల్లు ఏదో ఎవరినీ అడగనక్కర్లేదు. సిగ్నల్ మా ఊరి దాకా వచ్చేసరికి నీరసించిపోయేది. అందుకని మిద్దెల మీద పొడవాటి ఇనుప పైపులు నిలబెట్టి, వాటి కొసన యాంటెన్నా కట్టి, ఆ సిగ్నల్‌ను కాస్త పెంచడానికి బూస్టర్ అనే చిన్న డబ్బా బిగించేవాళ్ళం. గాలి కొంచెం గట్టిగా వీస్తే యాంటెన్నా తిరిగిపోయి తెర నిండా ఇసుక రాలినట్టు చుక్కలు వచ్చేవి. చుట్టుపక్కల తోటల్లో బోరు మోటార్లు వేశారంటే వోల్టేజి పడిపోయి బొమ్మ నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయేది. ఇవన్నీ నేను బాగు చేయగలిగినవే. నా చేత కానివి ఇంకో రకం ఫిర్యాదులు. టీవీ చూడమని పిలిచి, హిందీ సీరియల్‌లో ఫలానా పిల్లను ఎందుకు చంపేశారని నన్ను నిలదీసే వాళ్ళు ఉండేవాళ్ళు.

వాళ్ళందరిలోకీ పెద్దావిడ నారాయణమ్మ. పట్టుచీరలు నేసే ఇల్లు వాళ్ళది. భర్త నూలు, జరీ తెచ్చి, నేసిన చీరలు అంగళ్ళకు వేసే పని చూసుకునేవాడు. మగ్గం మీద కూర్చునేది ఆవిడే. ఆవిడ ఇంట్లో టీవీని నేను చూసిన మొదటి రోజు నాకు తల తిరిగింది. ఎవరైనా టీవీని బల్ల మీద పెట్టుకుంటారు, లేకపోతే గూట్లో పెట్టుకుంటారు. ఆవిడ మగ్గం గుంజలకు అడ్డంగా ఒక పలక కొట్టించి, దాని మీద పెట్టించింది. నేస్తూ తల ఎత్తితే బొమ్మ కనబడాలట. నేసేటప్పుడు పడే ప్రతి దెబ్బకూ మగ్గంతోపాటు టీవీ కూడా ఊగేది. అది లోపలి భాగాలకు మంచిది కాదని, గోడకు మార్పించమని చెప్పాను. గోడకు పెడితే మెడ తిప్పాలి, మెడ తిప్పితే పోగు తెగుతుంది, తెగిన పోగు నువ్వొచ్చి అతుకుతావా అని అడిగింది. నాకు ఆ పని రాదు కాబట్టి ఊరుకున్నాను.

సీరియళ్ళ మీద ఆవిడకున్న అభిప్రాయాలు రాస్తే ఒక పుస్తకం అవుతుంది. దగ్గు మొదలైన మనిషి మరో మూడు వారాల కంటే బతకడని ముందే చెప్పేది. చెప్పినట్టే పోయేవాళ్ళు. ఏడుపు వచ్చినప్పుడల్లా తెర మీద వాన కురవడం చూసి ఆవిడకు ఒళ్ళు మండేది.

“ఈడ చెనిక్కాయలు ఎండిపోతాంటే చుక్క పడదు. వాళ్ళకు మాత్రం ఏడిస్తే సాలు, వాన. ఆ ఏడ్చేదేందో మా పక్కకొచ్చి ఏడ్వమని చెప్పప్పా,” అనేది.

అన్నిటికంటే ఆవిడకు పట్టింపు ముగింపుల మీద. నెలల తరబడి దుర్మార్గంగా ఉన్నవాడు చివరి వారంలో ఆస్పత్రి మంచం పక్కన నిలబడి మంచివాడైపోతే ఒప్పుకునేది కాదు. చీర దింపాలనే తొందరలో చివరి మూర పలచగా నేసినట్టు ఉందనేది. అలాగని ఏడిపించి వదిలేసినా ఒప్పుకునేది కాదు. ఇల్లు వదిలి పెట్టె పట్టుకొని పోయిన మనిషి కథ అయిపోయేలోగా అదే పెట్టె పట్టుకొని తిరిగి రావాలి. ఇది ఆవిడ పెట్టిన నియమం. ఈ నియమం తప్పిన సీరియల్‌ను వీధిలో ఎవరూ మెచ్చుకోవడానికి వీల్లేదు.

అయితే ఇన్ని చెప్పే నారాయణమ్మకు హిందీలో ఒక్క ముక్క రాదు. కథ చెప్పేది ఆవిడ తోడికోడలు సరోజ. సరోజ నాయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. రైల్వే క్వార్టర్సులో నానా భాషల పిల్లల మధ్య పెరగడం వల్ల ఆ అమ్మాయికి హిందీ మన తెలుగంత తేలిగ్గా వచ్చేది. మగ్గం మీద నారాయణమ్మ మధ్యలో కూర్చుని చీర ఒడలు నేస్తుంటే, సరోజ పక్కన కూర్చుని అంచు పోగును అటూ ఇటూ తోసే నాడెను ఆడిస్తూ, తెర మీది మాటలను తెలుగులోకి మార్చి చెప్పేది. పెద్ద అంచు చీర ఒక్కరి వల్ల కాదు, ఇద్దరి చేతులూ కలవాలి. వీధి ఆడవాళ్ళు కిటికీ దగ్గర చేరి వినేవాళ్ళు. ఆ ఇంట్లో రిపేరు ఉందంటే నాకూ సంతోషంగా ఉండేది.

ఆ సంతోషానికి గండి కొట్టింది ఒక సీరియలే. ఆదివారం ఉదయం వచ్చేది. అందులోనూ ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దది పిసినారి, నోటి దురుసు మనిషి. సరోజ అలవాటు ప్రకారం ఆ పెద్ద కోడలి మాటలన్నీ గొంతు మార్చి, చేతులు తిప్పి, రసవత్తరంగా చెప్పేది. కిటికీ అవతల నవ్వులు. ఒక రోజు ఆ పెద్ద కోడలు చిన్నదానితో, నువ్వు తిన్న అన్నానికి చేసే పని సరిపోవడం లేదని అంటుంది. సరోజ అది చెప్పగానే నారాయణమ్మ నాడె ఆపేసింది. ఆ మాట టీవీలో లేదని, సరోజ తన కడుపులో మాటను టీవీ నోట్లో పెట్టి, తనను వీధి ముందు ఎత్తిపొడుస్తోందని అంది. నేను ఆ రోజు స్టెబిలైజర్ చూడటానికి వచ్చి అక్కడే ఉన్నాను. ఉన్నది ఉన్నట్టే చెప్పిందని సాక్ష్యం చెప్పాను. నువ్వు మీటర్లు చూసుకోప్పా అని నారాయణమ్మ నా నోరు మూయించింది. ఆ గొడవ పెరిగి పెరిగి పొయ్యిలు వేరయ్యాయి. సరోజ వాళ్ళు అదే ఇంట్లో పక్క భాగంలోకి మారారు. అన్నదమ్ములిద్దరూ మాత్రం బాగానే మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళకు సీరియళ్ళ పిచ్చి లేదు.

ఆ తర్వాత మగ్గం చూస్తే నాకు బాధ వేసేది. పక్క చోటు ఖాళీ. నారాయణమ్మ ఒక్కతే చిన్న అంచు చీరలు నేసుకునేది. కథ కూడా ముఖాలు చూసి తనే ఊహించి చెప్పేది. సరోజ వీధిలో, కిటికీ అవతల, అందరి వెనక నిలబడి చూసేది. కథ మాత్రం చెప్పేది కాదు. నారాయణమ్మ ఆ కిటికీని ఒక్క ఆదివారం కూడా మూయలేదని నేను గమనించాను. ఆమె తోడికోడల్ని పిలవదు, ఈమె తనంతట లోపలికి రాదు. ఇద్దరికీ ఇష్టమే, ఇద్దరికీ పంతమే.

ఇక ఆ సీరియల్ ముగిసే ఆదివారం వచ్చింది. తోడికోడళ్ళు విడిపోతారా, కలుస్తారా అన్నది ఆ వీధి మొత్తానికీ పెద్ద ప్రశ్న. కలిసి తీరాలని నారాయణమ్మ ముందే ప్రకటించింది. కలవకపోతే ఇకపై ఆ పెట్టె నా ఇంట్లో ఉండదు, నీ అంగడికే మోసుకుపో అని నాతో కూడా చెప్పింది. అది సీరియల్ ఒక్కదాని గురించే అన్న మాటలా నాకు అనిపించలేదు.

సీరియల్ మొదలయ్యే వేళకు ఆ వీధిలో ఉండే ఒకామె మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. మాట వస్తోంది, బొమ్మ రావడం లేదట. సంచి తీసుకుని వెళ్ళాను. కిటికీ నిండా మనుషులు. తెర నల్లగా ఉంది, లోపల నుంచి మాత్రం హిందీ గలగలా పారుతోంది. టీవీలో సౌండ్ సెక్షన్ వేరు, పిక్చర్ సెక్షన్ వేరు. ఒకటి పడుకున్నా రెండోది పని చేస్తుంది. ఆపితే గానీ చూడలేనంటే, మాట కూడా పోతుందని అందరూ ఒక్కసారిగా అడ్డుపడ్డారు. సరే అని, ఆపకుండానే వెనక మూత విప్పాను. షాకు తగలకుండా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని చూడాల్సిన పని అది.

“నీకు హిందీ వచ్చు గదప్పా. ఏమంటాండారో చెప్పు,” అంది నారాయణమ్మ.

బొమ్మన్నా తెస్తాను, కథన్నా చెబుతాను, రెండూ ఒకేసారి నా వల్ల కాదన్నాను. అబద్ధం కాదు. ఆ వెనక ఉన్న వోల్టేజి దగ్గర పరధ్యానంగా ఉంటే నా కథే ముగుస్తుంది. అందరి చూపులూ కిటికీ చివర ఉన్న సరోజ మీదికి పోయాయి. నారాయణమ్మ మాత్రం అటు తిరగలేదు.

“ఆడ నిలబడినోళ్ళకు వస్తే, చెప్పమను,” అంది నాతో.

నేను ఆ మాట అందించే పని లేకుండానే సరోజ చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాటలు పొడిగా అప్పజెప్పింది. రెండు మూడు మాటలయ్యాక పాత సరోజే వచ్చేసింది. నేను తల లోపల పెట్టి వింటున్నాను. ఆస్తి పంచారు, పొయ్యి పంచారు, చిన్న కోడలు పెట్టె సర్దుకుంది. సరోజ ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. నారాయణమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని నల్లటి తెరనే చూస్తోంది.

పిక్చర్ ట్యూబు మెడ దగ్గర హీటర్ అని సన్నటి తీగ ఉంటుంది. అది ఎర్రగా వెలిగితేనే తెర మీద బొమ్మ. చేత్తో నీడ పెట్టి చూస్తే అది వెలగడం లేదు. ట్యూబు పోయిందేమో అనుకున్నాను. నూలు కండెలు చుట్టే వెదురు పుల్ల ఒకటి అడిగి తీసుకుని, దానితో ట్యూబు సాకెట్టును మెల్లగా తట్టాను. తీగ ఒక్కసారి మినుకుమంది. డ్రై సోల్డర్. అంటే అతుకు పైకి బాగానే కనబడుతుంది, లోపల విడిపోయి ఉంటుంది. మగ్గం దెబ్బలకు వదులైపోయిన అతుకు.

అదే సమయంలో తెర లోపల చిన్న కోడలు, పోతున్నానక్కా అంది. పెద్ద కోడలు హిందీలో, పోతే పో, వెనక్కి తిరిగి చూడకు అంది. నేను స్పష్టంగా విన్నాను.

“ఆయమ్మ చెయ్యి పట్టుకునింది,” అంది సరోజ. “నువ్వు పోతే ఈ ఇంట్లో నాతో కొట్లాడేకి ఎవరుండారు, పోవద్దు అంటాండాది.”

కిటికీ దగ్గర ఎవరో ముక్కు చీదారు. నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పుల్లను సాకెట్టు మీద అదిమి పట్టుకుని ఉండిపోయాను. హీటర్ వెలిగింది. అది వేడెక్కడానికి కొంచెం సమయం పడుతుంది. ఆలోగా సీరియల్ అయిపోతే బాగుండునని నా పనికి విరుద్ధంగా మొదటిసారి నేనే కోరుకున్నాను. కాలేదు. తెర మెల్లగా తెల్లబడి బొమ్మ నిలబడింది. గుమ్మంలో పెద్ద కోడలు ఒక్కతే నిలబడి ఉంది. దూరంగా ఒక గుర్రబ్బండి పోతోంది. బండిలో పెట్టె, పెట్టె పక్కన చిన్న కోడలు.

సరోజ ముఖం ఎర్రబడిపోయింది. నారాయణమ్మ బండిని చూసింది, గుమ్మాన్ని చూసింది, అప్పుడు కిటికీ వైపు తిరిగింది.

“ఆ బండి యాడికి పోతాండాది, సరోజా?”

ఆ పేరు ఆవిడ నోట్లోంచి విని ఎంత కాలమైందో.

“బజారుకక్కా,” అంది సరోజ. “సామాన్లు తెచ్చేకి.”

“మరి పెట్టె ఏంటికి?”

“సామాన్లు పెట్టుకునేకి.”

మొదట నవ్వింది నారాయణమ్మే. ఆ తర్వాత కిటికీ మొత్తం నవ్వింది. నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“ఆ పొద్దు నువ్వు కల్పించకపోయినా కల్పించినావని కొట్లాడినాను. ఈ పొద్దు నిజంగానే కల్పించినావు. ఇది రాసినోడి కంటే నువ్వే బాగా ముగించినావు. వీధిలో ఎంతసేపు నిలబడతావు, లోపలికి రా,” అంది.

సరోజ చుట్టూ తిరిగి లోపలికి వచ్చి కూర్చున్నాక నేను టీవీ ఆపి, సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, ఆ అతుకును మళ్ళీ గట్టిగా వేశాను. నా వృత్తిలో అంత సంతోషంగా వేసిన అతుకు ఇంకొకటి లేదు. టీవీని మగ్గం మీద నుంచి దించకపోతే మళ్ళీ ఇదే జరుగుతుందని చెప్పాను. ఈసారి నారాయణమ్మ వాదించలేదు.

గోడకు పలక కొట్టి టీవీ మార్చడానికి కొన్ని వారాల తర్వాత వెళ్ళాను. ఇద్దరూ మగ్గం మీద ఉన్నారు. ఈ కొసన సరోజ, మధ్యలో నారాయణమ్మ. అరచేతి వెడల్పు జరీ అంచు పడుతోంది. టీవీ ఆపి ఉంది, దాని మీద గుడ్డ కూడా కప్పి ఉంది. సరోజ ఏదో సీరియల్ కథ చెబుతోంది. మంచి రసపట్టులో ఉంది. పలక బిగించడం మానేసి నేనూ విన్నాను. ఎంత ఆలోచించినా ఆ కథ ఏ సీరియల్‌దో నాకు తట్టలేదు. ఇదెప్పుడు వచ్చిందక్కా, నేను చూడలేదే అని అడిగాను.

“ఇంకా రాలేదప్పా. వచ్చే ఆదివారం మొదలైతాదంట,” అంది నారాయణమ్మ నాడె ఆపకుండా. “వాళ్ళను నమ్ముకుంటే ఎట్ల? ముగింపు మేమే చూసుకుంటాండాము.”

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ పని చేశాను. బొమ్మ రావడం లేదని ఎవరు పిలిచినా, మూత విప్పే ముందు రెండు సంగతులు అడిగేవాణ్ణి. టీవీ దేని మీద పెట్టారు, దాని ముందు పక్కపక్కన ఎవరు కూర్చుంటారు. మొదటిదానికి అందరూ టక్కున జవాబు చెప్పేవాళ్ళు. రెండోది అడిగినప్పుడు కొన్ని ఇళ్ళలో ఎవరో ఒకరు మంచినీళ్ళు తెస్తామని వంటింట్లోకి పోయేవాళ్ళు. అలాంటి ఇళ్ళలో మాత్రం నేను కొంచెం నెమ్మదిగా పని చేసేవాణ్ణి, ఈలోగా ఎవరో ఒకరు కథ చెప్పడం మొదలుపెడతారని.