మా అత్త నోట స్పానిష్ మాట

దయ్యాలంటే నాకు నవ్వు. బోగోలు బడిలో పనిచేసేటప్పుడు, సముద్రం ఒడ్డున ఏదో మూలుగుతోందని జనం భయపడితే, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి అది గాలికి కొట్టుకునే తాటాకని చూపించినదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాన్ని అట్లా చూపించలేను.

చైనా యుద్ధం అయిపోయిన మరుసటేడు మా చెల్లెలు సుగుణకు నర్సింగు పైచదువుకు స్పెయిన్‌లో స్కాలర్‌షిప్ వచ్చింది. అసలు చదువుకు ముందు రెండు నెలలు, రోజుకు ఆరు గంటలు స్పానిష్ క్లాసులే. "నోరు తిరగడం లేదక్కా, తిరిగొచ్చేస్తానేమో" అని మొదటి ఉత్తరంలోనే రాసింది.

అప్పటికి నేను అల్లూరులో టీచర్ని. అమ్మ పోయినాక మా ఇద్దర్నీ పెంచిన మేనత్త రాహేలమ్మ నా దగ్గరే ఉండేది. అత్తకు తెలుగు చదవడం కూడా రాదు. చర్చిలో పాడే పాటలన్నీ విని నేర్చుకున్నవే.

ఒక మంగళవారం. మధ్యాహ్నం మూడున్నర. బడికి సెలవు. అత్త వసారాలో చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. చేట కిందపడిన చప్పుడుకు బయటికొచ్చాను.

అత్త పొట్ట కుడివైపు పట్టుకుని ముడుచుకుపోయి ఉంది. ఒళ్లంతా చెమట.

"ఏందత్తా? యాడ నొప్పి?"

నా వైపు చూడలేదు. "మే దువేలే అకీ" అంది. మళ్లీ అదే. నేను భుజాలు పట్టి కుదిపినా అదే. గొంతు అత్తదే, మాట మాత్రం కాదు. పక్కింటికి వినబడేట్టు కేకేశాను.

పక్కింటాయన పరుగెత్తి కాంపౌండరును తెచ్చాడు. ఆయన పొట్ట నొక్కి చూసి, ఏమీ లేదమ్మా అన్నాడు. గంట తర్వాత నొప్పి ఒక్కసారిగా ఆగిపోయింది. అత్త లేచి, మజ్జిగ అడిగి తాగి, చెల్లాచెదురైన బియ్యం ఎత్తుకుంది.

ఆ మూడు ముక్కలూ విన్నట్టే కాగితం మీద రాసిపెట్టాను. అవి ఏ భాషో కూడా నాకు తెలియదు.

పదమూడు రోజులకు సుగుణ ఉత్తరం వచ్చింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఆసుపత్రి నుంచి రాసింది.

ఆ మంగళవారమే పొద్దున పదకొండు గంటలకు క్లాసులో పడిపోయిందట. అపెండిక్స్. అక్కడి పంతులమ్మకు ఇంగ్లీషు రాదు. స్పృహ తప్పేముందు సుగుణ "మే దువేలే అకీ" అని స్పష్టంగా చెప్పిందట. ఇక్కడ నొప్పి అని దానర్థం. వెంటనే తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారట.

చివర్లో ఇట్లా రాసింది: "అక్కా, నేను చెప్పినట్టు నాకు గుర్తులేదు. ఆ మాట మాకింకా నేర్పనే లేదు."

నేను లెక్కవేసి చూశాను. అక్కడ పదకొండంటే మనకు మూడున్నర.

సుగుణ ఆ మాట బయట ఎక్కడో వినుండొచ్చు. సరే, ఒప్పుకుంటాను. మరి అత్త ఎక్కడ వింది?

రెండేళ్లకు సుగుణ తిరిగొచ్చింది. అత్త చేత ఆ మాట పలికించాలని చూసింది. అత్తకు నోరు తిరగలేదు. మొదటి ముక్క దగ్గరే ఆగిపోయి నవ్వేసింది. కాసేపటికి నవ్వు ఆపి, సుగుణ చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నానో నాకు తెల్దమ్మా. ఆ నొప్పి నాది కాదని మాత్రం తెలుస్తానే ఉండింది."

ఎందరినో అడిగాను. డాక్టర్లనూ, పాస్టరు గారినీ. ఎవరూ ఏమీ తేల్చలేదు. నేనూ తేల్చుకోలేదు.