వేళ్లొచ్చిన ఉల్లిపాయలు

తిరువూరులో ఓ డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబ్ అటెండర్ లాజరుకు ఒక పంతం ఉంది. ఖాళీ స్లైడు వల్ల తన ల్యాబులో ఎవరూ ప్రాక్టికల్ తప్పకూడదు. ఎందుకంటే తను తప్పాడు. ఇరవై ఆరేళ్ల కిందట ఇదే గదిలో, ఉల్లివేరులో కణ విభజన చూపించమంటే అతని స్లైడులో ఎర్రటి మరక తప్ప ఏమీ కనబడలేదు. చదువు అక్కడితో ఆగింది. కొన్నాళ్లకు ఉద్యోగం మాత్రం అక్కడే దొరికింది.

పరీక్షకు నాలుగు రోజుల ముందు లాజరు ఉల్లిపాయల్ని నీళ్ల గ్లాసుల మీద కూర్చోబెడతాడు. తెల్లటి వేళ్లు దిగుతాయి. ఆ కొసల్లోనే కణాలు ఒకటి రెండవుతూ ఉంటాయి. ల్యాబులో ఎలుకలు కొరుకుతున్నాయని ఈసారి ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అదే కొంప ముంచింది.

ఆదివారం సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి గ్లాసులు బోర్లించి ఉన్నాయి. పెనుగొలను నుంచి వచ్చిన మరదలు గ్లోరి చేపల పులుసు దించుతోంది.

“ఉల్లిపాయలేవి గ్లోరీ?”

“పులుసులో వేశాను బావా. వేళ్లొచ్చేదాకా ఉంచుతారా ఎవరైనా?”

పరీక్ష తెల్లారితేనే. భార్య రిబ్కా నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను ఆ నవ్వుకు కోప్పడే తీరిక కూడా లేక మార్కెట్టుకు పరుగెత్తాడు.

“వేళ్లొచ్చిన ఉల్లిపాయలు కావాలి సుబ్బాయమ్మగారూ.”

కూరగాయలమ్మే సుబ్బాయమ్మ కొరకొరా చూసింది. “ఏంటి నాయనా, ఎగతాళా? నా కొట్లో అలాంటివుండవు.”

సంగతి చెప్పాక మెత్తబడింది. తడిసిన గోతం అడుగు నుంచి పదకొండు ఏరి ఇచ్చింది, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ.

పొద్దున్నే లాజరు వేరు కొసలు కోసి రంగులో వేశాడు. మొదట శ్రీవల్లి అనే అమ్మాయి వంతు. రంగు పట్టిన కొసను అద్దాల మధ్య పెట్టి బొటనవేలితో నొక్కింది. పరీక్ష చేయడానికొచ్చిన మేడమ్ మైక్రోస్కోపులోకి చూస్తున్నంతసేపూ లాజరు ఆవిడ పక్కనుంచి కదల్లేదు.

“భేష్, విడిపోతున్న కణం దొరికింది,” అంది ఆవిడ. “ఇది రెండయ్యాక తల్లేది, పిల్లేది?”

శ్రీవల్లి బిక్కమొహం వేసింది. లాజరు నోరు ఊరుకోలేదు. “ఇంక తల్లెక్కడుంటదండీ! తనలో ఉన్నదంతా రెండింతలు చేసుకుని, చెరిసగం పంచేసి, తనే రెండైపోద్ది. రెండూ పిల్లలేనండి, అచ్చం ఒకే పోలిక.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అటెండర్ జవాబు చెప్పినందుకు పిల్లకు మార్కులు పోతే?

“మీరెంతదాకా చదివారు?” అని అడిగింది మేడమ్.

“ఈ ప్రాక్టికల్ దాకా చదివానండి.”

ఆవిడకు అర్థమైంది. పెన్ను తీసింది.

“స్లైడు ఈ అమ్మాయిది, జవాబు మీది. ఇద్దరూ పాస్.”