మేకతో చెప్పిన మాటలు

"...మేకతో మాట్లాడితే తప్పేంటి బాబాయ్? నేను ఆవిడ మొహం కూడా చూళ్ళేదు. మేకనే చూశాను."

"మనవడికి జ్వరమని, ప్రార్థన చెయ్యమని మేకకి చెప్పావా?"

"చెప్పాను. పక్కన ఎవరన్నా వింటే అది నా తప్పా? అయినా ఇది మొదలెట్టింది మీరే కదండీ!"

తుఫాను షెల్టరు అరుగు మీద కూర్చున్న నలుగురు పెద్దలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కింద నిలబడి వాదిస్తున్న పెద్దింట్లమ్మ కొంగు దోపుకుంది. ఎదురుగా కూర్చున్నాయన పల్లంరాజు, రెండు బోట్ల ఆసామి, ఊరికి పెద్ద. ఆయన దగ్గాడు. పెద్దింట్లమ్మ చెప్పింది నిజమే మరి.

మేక లోవలక్ష్మిది. మంచినీళ్ళ కుళాయికి వెళ్ళే దారిలో, ఆమె ఇంటి అరుగు పక్కన రాటకి కట్టేసి ఉంటుంది. లోవలక్ష్మి రేవులో చేపలమ్ముతుంది. ఐసు కొట్టు నీడలో ఆమెకో చోటుంది. అక్కడ ముప్పై ఏళ్ళు అత్తగారు కూర్చుంది, తర్వాత ఈమె. ఆ నీడలో కూర్చున్న చేప మధ్యాహ్నం దాకా మెరుస్తుంది. ఎండలో పెట్టిన చేప పదింటికే కళ్ళు తేలేస్తుంది.

ఊళ్ళో అందరికంటే పిరికిది లోవలక్ష్మి. కుక్క మొరిగితే దారి మార్చేది. పడవ కాస్త ఒరిగితే పక్కవాళ్ళ చెయ్యి పట్టేసుకునేది. మూడేళ్ళ కిందట భర్తని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్పించినప్పుడు, లిఫ్టంటే భయంతో రోజూ ఐదంతస్తులు మెట్లెక్కింది. పక్క మంచం రోగి భార్య తబిత అది చూసి నవ్వలేదు. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని లిఫ్టులోకి తీసుకెళ్ళి, తలుపులు మూసుకుంటుంటే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఐదో అంతస్తు వచ్చేసింది. భర్త బతకలేదు. లోవలక్ష్మి ప్రార్థన మానలేదు. ఆయన్ని బతికించలేని దేవుడి దగ్గరికి ఎందుకెళ్తున్నావని అడిగిన వాళ్ళకి, లిఫ్టు గురించి చెబితే అర్థం కాదని ఊరుకునేది.

ఆదివారాలు ఆమె ఇంట్లో ప్రార్థన మొదలైంది. తణుకు నుంచి పాస్టరుగారు బండి మీద వచ్చేవారు. ఊళ్ళోంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు. ఊరు చూసీ చూడనట్టు ఊరుకుంది.

గొడవ అమ్మవారి గరగ దగ్గర వచ్చింది. జాతరకి నెల ముందు, అమ్మవారి రూపంగా అలంకరించిన ఆ కుండని నెత్తిన పెట్టుకుని డప్పులతో ఇంటింటికీ తెస్తారు. ప్రతి ఇల్లాలూ గరగ ఎత్తుకున్న వాళ్ళ కాళ్ళ మీద బిందెడు నీళ్ళు పోస్తుంది. ఈ ఏడు లోవలక్ష్మి తలుపు వేసుకోలేదు. పక్కూరు పోలేదు. గుమ్మంలో నిలబడి, "నేను పొయ్యనండి, ఏమనుకోకండి" అంది. డప్పులు ఆగిపోయాయి. పొయ్యకపోవడం కంటే అలా చెప్పడమే ఊరికి ఎక్కువ మండించింది.

పెద్దలు కూర్చుని ఆమెని వెలేశారు. ఆమెతో మాట్లాడిన వాళ్ళు జాతర వంటకి ఒక గంప చేపలు ఇచ్చుకోవాలి. శుక్రవారం ఆమె షెల్టరు దగ్గరికొచ్చి ప్రార్థన మానేస్తానని ఒప్పుకోవాలి. లేకపోతే రేవులో చోటు పోతుంది. అంతా పకడ్బందీగా కుదిరింది. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదన్నాక ఈ కబురు ఆమెకి ఎవరు చెప్పాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

చివరికి పల్లంరాజే వెళ్ళాడు. రాట ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "ఏమే మేకా! శుక్రవారం మీ ఆవిణ్ణి షెల్టరు దగ్గరికి రమ్మను" అని మొదలుపెట్టి గడువంతా చెప్పాడు. మేక ఆయన లుంగీ అంచు నోట కరుచుకుంది. గుమ్మంలో కూర్చున్న లోవలక్ష్మి అంతా వింది.

ఆ దారి ఊరందరికీ నచ్చింది. రెండు రోజుల్లో మేకకి తీరిక లేకుండా పోయింది. చందువా చేపలు ఏ ధర పలికాయో ఒకరు చెప్పారు. కోడలు తిండి పెట్టడం లేదని ఇంకొకరు చెప్పారు. వెలేసిన ఇంటికి మునుపెన్నడూ అంతమంది రాలేదు.

రానిదల్లా ప్రార్థనకి వచ్చేవాళ్ళే. ఇద్దరాడవాళ్ళలో ఒకామెకి జంగారెడ్డిగూడెంలో చుట్టాలున్న సంగతి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. రెండో ఆమెకి నడుం నొప్పి. ధైర్యం గురించి మూడు వారాలు వరసగా చెప్పిన పాస్టరుగారు ఫోన్ చేశారు.

"అమ్మా, తెలివి కూడా దేవుడిచ్చిందే. జాతర వెళ్ళేదాకా ఆగుదాం."

"మీరు ఆగండయ్యగారూ," అంది లోవలక్ష్మి. "నాకు రోజూ భయమేస్తుంది కదండీ, నేనాగితే ఎలా?"

ఆ ఆదివారం ఒక్కతే కూర్చుంది. చేతులు వణక్కుండా చూడమని దేవుణ్ణి అడిగింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. తలుపు మాత్రం తీసే ఉంచింది.

శుక్రవారం, పెద్దింట్లమ్మ గంప ఇవ్వాలా అక్కర్లేదా అన్నది తేలకముందే, లోవలక్ష్మి షెల్టరు దగ్గరికొచ్చింది. మేకని తేలేదు. పల్లంరాజు అటూ ఇటూ చూసి, ఇక దారిలేక స్తంభం వైపు తిరిగాడు.

"మానేస్తుందో లేదో చెప్పమను."

"నాకు భయంగా ఉంది బావగారూ," అంది లోవలక్ష్మి.

పెద్దలు కాస్త తేలిగ్గా కూర్చున్నారు. పల్లంరాజు స్తంభంతో, "భయమైతే మానెయ్యమను" అన్నాడు.

"మానేస్తే ఇంకా భయమండి. భయమనే కదా మొదలెట్టాను. మాననండి."

పల్లంరాజు స్తంభాన్ని మర్చిపోయాడు. "గరగ వచ్చిన రోజు జ్వరమని పడుకుంటే పోయేదిగా అమ్మాయ్! మేమే నమ్మేవాళ్ళం కదా!"

"జ్వరం లేదు కదండీ."

"బాబాయ్, మీదో గంప!" అంది కింద నుంచి పెద్దింట్లమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వారు. పల్లంరాజు మొహం కందగడ్డలా అయింది. పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన లేచి నిలబడ్డాడు.

"రేవులో చోటు రేపటి నుంచి బేబీది. ఇకమీదట ఆ మేకతో మాట్లాడినా గంపే."

ఎండలో చేపలు పెట్టుకునే బేబీ, ఆ నీడ చోటు కోసం ఏళ్ళ తరబడి కాచుకున్న మనిషి, నేల చూపులు చూసింది. లోవలక్ష్మి రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఎల్లుండి ఆదివారం పదింటికి మా ఇంట్లో ప్రార్థనండి. తలుపు తీసే ఉంటుంది."