చదివినట్టు చూసిన కాగితం

ఉద్యోగం చేసే ఆడవాళ్ళు పైకి రావాలంటే ఏం చెయ్యాలో చెప్పే సంగతులేవో ఫోనులో వచ్చాయని మొన్న మా మనవరాలు నాకు చదివి వినిపించింది. ధైర్యంగా అడగాలట, వచ్చిన అవకాశం వదులుకోకూడదట, తెలియనిది తెలియదని ఒప్పుకోవాలట. వింటూ ఉంటే నా చేతులు చల్లబడిపోయాయి. పిల్ల కంగారుపడితే, ఏమీ కాలేదే, నలభై ఏళ్ళ కిందటి భయం ఒకటి లోపల కదిలింది, చెబుతాను రాసిపెట్టు అన్నాను. కూడబలుక్కుని చదవడం నాకు వచ్చు గానీ ఇంత పొడుగు రాసే ఓపిక లేదు. నా ఈడు వాళ్ళు, చేతిలో కాగితం పెడితే గుండె దడదడలాడిన వాళ్ళు, మీకే చెబుతున్నాను.

డెబ్బైల చివర మా ఆయన విషజ్వరంతో పోయాడు. ఇద్దరు పిల్లలతో కంచరపాలెంలో రైలు పట్టాల పక్క గదిలో మిగిలాను. ఫిషింగ్ హార్బరు వైపు పడవల ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఆయన ఫిట్టరు. ఆయన భార్యనని అక్కడే నాకు తుడుపు పని ఇస్తామన్నారు. ఫారం నింపినవాడు మా మరిది. బడి గుమ్మం ఎక్కని నాకు అయిదో తరగతి ప్యాసు అని రాసేశాడు. లేకపోతే ఇవ్వరన్నాడు. ఈ అబద్ధం బయటపడితే ఉద్యోగం ఊడుతుందనీ, జైల్లో కూడా వేస్తారనీ మళ్ళీ తనే అన్నాడు. వేలిముద్ర వేస్తే గుట్టు తెలిసిపోతుంది కదా, అందుకని నా పేరు రాయడం ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను, ఏ గీత తరవాత ఏ గీతో, ఎక్కడ మెలి తిప్పాలో. అందులో ఏది ఏ అక్షరమో నాకు తెలియదు. అలా నాలుగేళ్ళు ఆ ముగ్గు వేసే జీతం తీసుకున్నాను, ప్రతి నెలా భయపడుతూనే.

ఆ వర్క్‌షాపులో టూల్‌రూము అని ఒకటుండేది. ఫిట్టర్లు స్పానరో సుత్తో కావాలంటే తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి తీసుకెళ్ళాలి. ఆ బిళ్ళను పనిముట్టు ఉండే మేకుకి తగిలిస్తారు, తెచ్చి ఇచ్చాక బిళ్ళ తిరిగి ఇస్తారు. అక్కడుండే ముసలాయన మంచం పడితే ఆ టూల్‌రూము పని నేనే బోలెడు రోజులు చూసుకున్నాను. బస్సుల మీద చూసి చూసి అంకెలు నాకు పట్టుబడ్డాయి. పైగా ఏ బిళ్ళకి ఏ చొట్ట ఉందో, ఏ ఫిట్టరు అరిచి మాట్లాడతాడో, ఎవడు సుత్తి మరిచిపోయి ఇంటికి పోతాడో అన్నీ నాకు కంఠతా వచ్చు. ముసలాయన రిటైరయ్యాడు. ఆ చోటుకి సీనియార్టీలో నా పేరే ముందుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు ఆఫీసు గుమాస్తా బాబు తెలుగులో తనే రాసిన కాగితం తెచ్చి, సంవత్సరానికోసారి అందరి దగ్గరా తీసుకునేదే, చదువుకుని సంతకం పెట్టమన్నాడు. ఎవరిచేతనైనా చదివిస్తానంటే అయిదో తరగతి ఏమైందని అడుగుతాడు. కాగితం చేత్తో పట్టుకుని, చదువు వచ్చినవాళ్ళకి ఎంతసేపు పడుతుందో లోపల లెక్కేసుకుంటూ, ఎడమ నించి కుడికి కళ్ళు తిప్పి, కింది దాకా చూసి, మధ్యలో ఒకసారి తల కూడా ఆడించాను. చదివావా అంటే చదివానన్నాను. ముగ్గు వేసిచ్చాను.

మూడోనాడు టైపిస్టు అప్ప నన్ను పిలిచింది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆఫీసులో ఆవిడొక్కతే ఆడమనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. తలుపు దగ్గరగా వేసి అడిగింది.

“ఏటి సెల్లీ, టూల్‌రూము పోస్టు నాకొద్దని రాసిచ్చీసేవేటి?”

“నానెప్పుడు రాసిచ్చేనప్పా?”

“మరీ సంతకం ఎవులిది? నువ్వు సదవలేవని నాకెప్పుడో తెలుసులే. సంతకం ఎట్టేటప్పుడు పెన్ను ఎత్తవు, పిండితో గీసినట్టు గీసుకుపోతావు.”

నేను కింద కూర్చుండిపోయాను. నా తరవాతి పేరు గుమాస్తా బాబు బామ్మర్దిదట. ఎల్లుండి పెద్దాఫీసరు సంతకమైతే ఇక ఆ పోస్టు నాది కాదట. కాగితం వెనక్కి తీసుకోవాలంటే అది చదవలేదని చెప్పాలి. చదవలేదంటే చదువు రాదని చెప్పాలి. చదువు రాదంటే ఫారం అబద్ధమవుతుంది. ఏ పోస్టూ వద్దప్పా, చీపురు చాలు నాకు, పిల్లలున్నారు అని ఏడిచాను. అప్ప ఓదార్చలేదు.

“ఆల్లు కనిపెడితే నువ్వు దొంగవి. నువ్వే ఎల్లి సెప్తే సదువు రానిదానివి, అంతే. ఎల్లు.”

ఆఫీసరు గదిలోకి ఎలా వెళ్ళానో తెలియదు. చదువు రాదని, కాగితం చదివినట్టు చూశానని, ఫారంలో ఉన్నది అబద్ధమని, గోడకేసి చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన తిట్టినా బాగుండేది. చాలాసేపు ఏదో రాసుకుని, బిళ్ళలెలా గుర్తుపడతావని అడిగాడు, చెప్పాను. వెళ్ళమన్నాడు. ఆ తరవాత పదకొండు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. పోలీసు జీపు వినిపిస్తే పిల్లల్ని దగ్గరకి లాక్కునేదాన్ని. మా పెద్దదానికి బియ్యం కడగడం, ఎసరు పెట్టడం నేర్పేశాను, నేను లేకపోతే తమ్ముడికి అన్నం పెట్టుకోవాలి కదా అని.

శనివారం గేటు దాటుతుంటే కవరు చేతిలో పెట్టారు. అప్ప అప్పటికే వెళ్ళిపోయింది. ఆ కాగితం ఇంకెవరి చేతికీ ఇవ్వలేను. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటేసుకుని అప్ప వాళ్ళ చర్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల పాటలు, ప్రార్థనలు, మళ్ళీ పాటలు. దేవుడి దగ్గర ఇంత పొడుగు పని ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. రవికలో కవరు చెమటకి తడిసిపోయింది. అప్ప బయటికొచ్చి, తడి కాగితం జాగ్రత్తగా విడదీసి, పెదాలు కదుపుతూ చదివింది. నేను ఆవిడ మొహం తప్ప ఏదీ చూడలేదు.

“పోస్టు నీదే. అబద్దానికి మందలించేరు. ఆర్నెల్లలో సదవడం, రాయడం రావాలంట, రాపోతే మల్లీ సీపురే. రేపట్నించి కేరేజీ తినీసి నా దగ్గిరికి రా.”

అప్పుడు ఏడుపు రాలేదు, మెట్ల మీదే నిద్ర ముంచుకొచ్చింది. అప్ప నా పక్కనే కూర్చుంది. నా కాగితం మడిచి ఇస్తూ, అలాంటి వద్దన్న కాగితం తను కూడా ఒకసారి రాసిచ్చానని చెప్పింది. హెడ్‌క్లర్కు పోస్టు వస్తే, మగవాళ్ళ మీద పెత్తనం చేసే ఆడది ఇంట్లో ఇమడదని వాళ్ళాయన అన్నాడట. తన కాగితం తనే టైపు చేసుకుందట. ఆవిడకి చదువు వచ్చు, ప్రతి మాటా తెలిసే కొట్టింది.

ఆర్నెల్లూ మధ్యాహ్నం పూట ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దాను, టూల్‌రూములోనే రిటైరయ్యాను. ఇప్పుడు ఆ షెడ్డు లేదు, అక్కడ పెద్ద గోడౌను కట్టారు. ఆఫీసుల్లో ఆడపిల్లలు హెడ్డులకే హెడ్డులుగా కూర్చుంటున్నారట, వింటుంటే సంతోషమే. కాగితం చూస్తే నాకు మాత్రం ఇప్పటికీ ముందు చేతులు చల్లబడతాయి, తరవాతే అక్షరాలు కనబడతాయి. అప్ప చివరి దాకా ఆ టైపు మిషను ముందే కూర్చుని, రిటైరైన నాడు దండ వేయించుకుని ఇంటికి వెళ్ళిపోయింది. భయపడకు, వెళ్ళి చెప్పు అని నన్ను తోయడానికి అప్ప ఉంది. ఆవిడ తన కాగితం కొట్టుకున్న రోజున, గదిలో ఇంకో ఆడమనిషి లేదు.