పరకల గాలానికి పనికొచ్చే కర్ర

ఐలయ్య కర్రను ఎంచుకుంటుంటే చూడడం ఊరివాళ్లకు సరదా. గొర్రెల కాపరి చేతికర్ర అంటే మాటలా? నిలబెడితే గడ్డం దాకా రావాలి. రాయి మీద కొడితే ఖంగుమనాలి. మోకాలికి ఆనించి వంచితే వంగనే కూడదు. కోదాడ దగ్గరి ఆ పల్లెలో ఎవరికి కర్ర కావలసినా ఐలయ్యను వెంటబెట్టుకునే పోయేవారు.

అలాంటివాడికి పందొమ్మిది వందల ఎనభై ఏడులో, వానలు వెనకబట్టాక, గాలపు కర్ర కావలసి వచ్చింది.

కారణం ఆయన భార్య లింగమ్మ. మఠంపల్లి వైపు కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. చలిజ్వరం వచ్చి తగ్గింది గాని నోరు చచ్చిపోయింది. జొన్నగటక పెడితే వద్దంది. మాంసం వండితే వాసనంది. మనిషి చిక్కి సగమైంది. ఒకనాటి పొద్దున మాత్రం గోడవైపు తిరిగి పడుకునే, “పరకలు ఏంచుకొని తింటే నోటికి జర రుచి తెలుస్తదేమో,” అంది.

వేలెడంత చేపలవి. అంగట్లో దొరకవు, కాలువలో గాలమేసి పట్టుకోవలసిందే. ఐలయ్య పుట్టి బుద్ధెరిగి చేప పట్టింది లేదు. అయినా లింగమ్మ నోరు తెరిచి అడిగింది కదా! అప్పటికప్పుడు కోదాడ పోయి, రామలింగయ్య వెదురు దుకాణంలో ఒక్కో కర్రనూ మోకాలికి ఆనించి పరీక్షించడం మొదలుపెట్టాడు.

“ఏం చేపలు పడతావు మామా?” అని అడిగాడు రామలింగయ్య.

“పరకలు.”

“పరకలకా! అది పందిరికి గుంజగా పాతుకునేది. సన్నటిది తీసుకో.”

“కర్రల సంగతి నాకే చెప్తవా సేటూ? సూడు, ఇది వంగుతదా?”

“వంగదు. అదే కదా నా బాధ!”

ఐలయ్య వినలేదు. సాయంత్రం కాలువ గట్టున కూర్చుని గాలం వేశాడు. నీటి మీది బెండు బుడుంగుమంది. మేకలకు మేత కోసం దోటితో తుమ్మకొమ్మలు గుంజి గుంజి అలవాటైన చేతులవి. రెండు చేతులా ఒక్క గుంజు గుంజాడు. పరక తల మీదుగా ఎగిరి వెనక వరిపొలంలో ఎక్కడో పడింది. రెండోదీ అంతే. తర్వాతి దాని పెదవి మాత్రమే గాలానికి మిగిలింది.

పక్కనే బర్రెలు కడుగుతున్న దేవదాసు పడీపడీ నవ్వాడు. “మామా, చేపలు పడుతున్నవా, పొలంల నాటేస్తున్నవా?”

ఇంటికొచ్చేసరికి లింగమ్మ లేచి కూర్చుని ఉంది. పొయ్యి పక్కన ఉప్పూ కారం నూరి పెట్టుకుంది. ఖాళీ చేతులు చూసింది. మెల్లగా మళ్లీ పడుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది ఐలయ్యకు.

“పరేషాన్ గాకు. రేపు ఇంతకన్న గట్టి కర్ర తెస్త,” అన్నాడు.

లింగమ్మ దుప్పటి తీసి చూసింది. “ఇంకా గట్టిదా! పరకనా, దున్నపోతా అది? రేపు సూదికి దవాఖానకు పోవాలె గద. నేనే సూస్త పా.”

మర్నాడు దవాఖాన నుంచి నేరుగా దుకాణానికి పోయారు. లింగమ్మ చేతి గాజొకటి తీసింది. కర్రను మొదలు దగ్గర అడ్డంగా పట్టుకుని కొసకు గాజు తగిలించి చూసింది. ఒకటి కదల్లేదు. ఇంకొకటీ కదల్లేదు. మూల పడి ఉన్న ఒక సన్న కర్ర మాత్రం గాజు తగలగానే కొస వంచి తలూపింది. గాజు తీస్తే మళ్లీ సాఫుగా నిలిచింది.

“ఇది.”

“ఇదేం కర్రనే! గొర్రెపిల్ల గూడ భయపడదు.”

“మరి పరక గూడ భయపడొద్దు గద!”

తోటి కాపరులెవరైనా చూస్తారేమోనని ఐలయ్య బస్సు దిగాక దాన్ని గొంగడిలో దాచుకుని నడిచాడు. ఆ గొంగడినే కాలువ గట్టున పరిచి లింగమ్మను కూర్చోబెట్టాడు. బెండు కదలకముందే కొస వణకడం అరచేతికి తెలిసింది. చేతులు రెండూ బిగుసుకున్నాయి.

“గుంజకు!” అని కసిరింది లింగమ్మ. “అది తుమ్మకొమ్మ గాదు. నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నట్టు లేపు.”

ఐలయ్య ఊపిరి బిగబట్టి మణికట్టు మాత్రం పైకి తిప్పాడు. కర్ర వంగింది. కర్ర వంగినందుకు ఐలయ్య సంతోషించడం అదే మొదలు. తళతళలాడుతూ పరక వచ్చి గట్టు మీద పడింది. అక్కడి నుంచి చెయ్యి దారిలో పడింది.

ఆ పూట లింగమ్మ పరకలను కరకరలాడేట్టు వేయించింది. మొదట ఒకటి తుంచి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఐలయ్య ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమె చెయ్యి మళ్లీ గిన్నెలోకి పోయింది. తర్వాత అన్నం కుండలోకి. ఆఖరుకు గిన్నె అడుగు గీకుతూ విసుక్కుంది:

“ఇన్నే పట్టినవా? ఇద్దరికి యాడ సరిపోతయ్?”

తన పళ్లెంలో ఒక్కటీ పడలేదని ఐలయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. పచ్చిమిరపకాయ కొరుక్కుని, నవ్వుకుంటూ, వట్టి అన్నం కలుపుకున్నాడు.