చదవడం రాదంటూ నేను రాసిన ఉత్తరం

నాకు చదువు రావడం వల్ల మా ఇంట్లో ఒక మనిషికి శాశ్వత నష్టం జరిగింది. ఆ మనిషి మా ఆయన. ఆయన మంచివారు కాబట్టి ఈ సంగతి నలుగురిలో ఎత్తరు. ఎత్తితే బాగుండేది. ఎత్తకుండా నా వైపు చూసి మెల్లగా నములుతారు, అది ఇంకా కష్టం. అందుకని నేనే చెప్పేస్తున్నాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేం ఫరవాలేదు. నష్టపోయినవాళ్ళే నవ్వేశారు.

మేం అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఉంటాం. ఇండియన్ స్టోర్ వెనక వంటగదిలో నేను కూరలు వండుతాను. మా ఆయనది వేర్‌హౌస్‌లో పని. అయిదేళ్ళ కింద ఒక పెద్ద షాపులో గిన్నెల సెట్టు కొన్నాం. కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి, "మా క్రెడిట్ కార్డు తీసుకుంటే గిన్నెల మీద ఇరవై శాతం తగ్గుతుంది" అని పలక లాంటి స్క్రీన్ ఒకటి నా ముందు పెట్టింది. అప్పటికి నాకు ఏ భాషలోనూ చదవడం రాదు. నా పేరు మాత్రం ఇంగ్లీషులో గీయడం మా ఆయన నేర్పారు. గీయడం అని ఎందుకన్నానంటే అది రాత కాదు, ముగ్గు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తిప్పాలో తెలుసు, ఏ మెలిక ఏ అక్షరమో తెలియదు.

"ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంది ఆ అమ్మాయి.

మూడుసార్లు పెట్టాను. మొదటిది వంకరగా వచ్చింది. రెండోది కాస్త నయం. మూడోది ఎంత బాగా వచ్చిందంటే వెనక లైన్లో ఉన్నవాళ్ళకి కూడా చూపించాలనిపించింది. వాళ్ళు అప్పటికే చాలాసేపటి నుంచి చూస్తున్నారు.

ఆ మూడోది ఇన్సూరెన్స్. నేను జబ్బుపడి కార్డు బాకీ కట్టలేకపోతే నా బదులు వాళ్ళు కట్టే ఏర్పాటు. దానికి నెలకి పదకొండు డాలర్లు. ఆ సంగతి ఆ అమ్మాయి చెప్పలేదు, నేను అడగలేదు. ఆ కార్డు మీద మా బాకీ ఏ నెలా ముప్పై డాలర్లు దాటేది కాదు. ముప్పై డాలర్ల బాకీకి పదకొండు డాలర్ల కాపలా పెట్టుకుని అయిదేళ్ళు హాయిగా నిద్రపోయాను.

కార్డు తీసుకున్న రెండేళ్ళకి లైబ్రరీలో పెద్దవాళ్ళ చదువు క్లాసులో చేరాను. మా టీచరు డోనా, రిటైరైన పోస్ట్‌ఉమన్. ఆవిడకి ఓపిక ఎక్కువ, నాకు మతిమరుపు ఎక్కువ, ఇద్దరికీ బాగా కుదిరింది. మూడేళ్ళు పట్టింది. అక్షరాలకి ఒక ఏడాది, మాటలకి ఒక ఏడాది. మూడో ఏడు చివర ఒకరోజు డోనా, "ఇంట్లో ఉన్న కాగితం ఏదైనా తెచ్చి చదవండి" అంది. నేను కార్డు బిల్లు తీసుకెళ్ళాను. క్లాసులో నిలబడి, ఒక కాగితాన్ని పైనుంచి కిందిదాకా ఎవరి సాయమూ లేకుండా చదవడం అదే మొదటిసారి. అందరూ చప్పట్లు కొట్టారు.

డోనా కొట్టలేదు. "రత్నా, ఈ పదకొండు డాలర్లు ఏంటి?" అంది.

అరవై నెలలు. ఆరు వందల అరవై డాలర్లు.

ఈ లెక్క వినగానే మా ఆయన ఎడమ దవడ పట్టుకున్నారు. ఆశ్చర్యంతో కాదు. అక్కడ వెనక పన్ను ఒకటి సగానికి విరిగి ఉంది. మాకు పళ్ళ ఇన్సూరెన్స్ లేదు. బాకీకి ఉంది, పళ్ళకి లేదు. డెంటల్ కాలేజీలో స్టూడెంట్లు తక్కువలో చేస్తారని వెళ్తే, పన్నుకి క్యాప్ వేయడానికి ఆరు వందల నలభై అన్నారు. మూడు నెలలుగా ఆయన కుడివైపే నములుతూ, ఎడమవైపు పన్నుని పెద్దాయన్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు.

"ఆ డబ్బు వెనక్కి వస్తే క్యాప్ వేయించుకోవచ్చు" అన్నారు. "ఇంకో ఇరవై మిగుల్తుంది కూడా."

మా వీధిలోనే పద్మజక్క ఉంటుంది. డాక్టరు ఆఫీసులో ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ బిల్లులు చూసిన మనిషి. ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"చాలామందికి ఇలాగే అంటగట్టారులే" అంది అక్క. "తిరిగి అడిగితే ఇస్తారు. ఒక్క ముక్క రాస్తే చాలు. నాకు చదవడం రాదు, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాను, ఎవరూ వివరించలేదు. అంతే."

"ఇప్పుడు వచ్చు కదక్కా."

"అది వాళ్ళకెందుకు? నేను రాసిస్తా, కింద సంతకం పెట్టు."

"వద్దక్కా, నేనే రాస్తాను."

అక్క నా మొహం చూసింది. "సరే, చిన్నదిగా రాయి" అంది.

ఇక్కడ మీరు నన్ను కొంచెం అర్థం చేసుకోవాలి. నా జన్మలో ఒక ఆఫీసుకి ఉత్తరం రాసే అవకాశం రావడం అదే మొదలు. మంచి కాగితం కొన్నాను. నీలం సిరా పెన్ను కొన్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను. తప్పు పడిన ప్రతిసారీ కాగితం మార్చాను. డోనా నేర్పిన గొలుసుకట్టు రాత మొత్తం దించేశాను. పేరా మొదట్లో వేలెడు జాగా వదిలాను. నాలుగు పేజీలు వచ్చింది. అందులో ఒక్క అక్షరం కొట్టివేత లేదు. నాలుగు పేజీల్లోనూ ఉన్నది ఒకటే విషయం: నాకు చదవడం, రాయడం రావు.

మా ఆయన చదివి, "చాలా బాగుంది" అన్నారు. మొదటి పేజీ మళ్ళీ చూసి, "మరీ బాగుందేమో" అన్నారు.

"అసూయ" అన్నాను నేను.

మూడు నెలలకి కార్డు వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. కొన్ని సందేహాలు ఉన్నాయి, ఫలానా రోజు ఉదయం పదింటికి ఫోన్ చేస్తాం అని. ఆ రోజు మా వంటింటి బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. స్పీకర్లో ఫోన్, ఒక పక్క అక్క, ఎదురుగా మా ఆయన, ఆయన పన్ను.

ఆ ఆఫీసరు పేరు కెవిన్. ఈ కాల్ రికార్డ్ అవుతోందని ముందే చెప్పాడు. గొంతు చాలా మర్యాదగా ఉంది. మేం మాట్లాడింది ఇంగ్లీషులో, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"మేడమ్, మీ ఉత్తరం నా ముందుంది. మీకు చదవడం, రాయడం రావని రాశారు."

"అవునండి."

"ఈ ఉత్తరం ఎవరు రాశారు?"

అక్క వెంటనే తన గుండె మీద వేలు పెట్టుకుని చూపించింది, తన పేరు చెప్పమన్నట్టు. చెబితే అయిపోయేది. కానీ నాలుగు రోజులు, పదిహేడు కాగితాలు. ఆ రాతని తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టడానికి నాకు నోరు రాలేదు.

"నేనేనండి" అన్నాను.

ఫోన్లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"అయితే చదవడం వచ్చన్నమాట."

"సంతకం పెట్టినప్పుడు రాదండి. తర్వాత నేర్చుకున్నాను. లైబ్రరీలో. మూడేళ్ళయింది చేరి."

"ఓ, అలాగా" అన్నాడు కెవిన్. గొంతులో నిజంగానే సంతోషం. "అది ముందే రాయాల్సింది మేడమ్. అయితే ఇందులో ఇబ్బంది లేదు. మీకు చదవడం రాని నెలల డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేస్తాం. చదవడం వచ్చాక మీ బిల్లు మీరు చూసుకోగలరు కాబట్టి ఆ నెలలవి ఇవ్వం. ఒక్క విషయం చెప్పండి చాలు. మా బిల్లు చదివి అర్థం చేసుకునేంత చదువు మీకు ఎప్పుడు వచ్చింది?"

అక్క నాలుగు వేళ్ళు ఎత్తింది. నాలుగు నెలల కింద అని. అది నిజం కూడా. నోరు తెరిచాను. "నాలుగు" అనబోతున్నాను.

"ఊరికే అంటున్నాను మేడమ్" అన్నాడు కెవిన్, "ఈ ఉద్యోగంలో పన్నెండేళ్ళుగా ఉత్తరాలు చూస్తున్నాను. ఇంత చక్కటి చేతిరాత చూడలేదు. మా డెస్క్‌లో అందరికీ చూపించాను."

పొంగే పాల కింద ఇంకో కట్టె పెట్టినట్టయింది.

"మా టీచరు కూడా అదే అంటుందండి" అన్నాను.

"చాలా కాలం పట్టి ఉంటుంది."

"మిగతావాళ్ళకి పడుతుందండి. ఏళ్ళు పడుతుంది. నాకు ఒక్క నెల."

అక్క నాలుగు వేళ్ళూ మడిచి కళ్ళ మీద పెట్టుకుంది. మా ఆయన చెయ్యి మెల్లగా దవడ దగ్గరికి వెళ్ళింది. ఫోన్లో టకటకమని టైపింగ్ వినిపించింది.

"ఒక్క నెలా?" అన్నాడు కెవిన్.

ఆ ప్రశ్నలో నాకు అనుమానం వినిపించింది. అనుమానం నేను భరించలేను.

"నిజానికి మూడు వారాలే" అన్నాను.

"మేం నెలల లెక్కే వేస్తాం మేడమ్. చేరకముందు ఇరవై నాలుగు, చేరాక ఒకటి. ఇరవై అయిదు నెలలకి రెండు వందల డెబ్బై అయిదు డాలర్లు. చెక్కు పంపిస్తాం. అభినందనలు."

"ఒసే రత్నం" అంది అక్క, గుసగుసగా కూడా కాదు.

అప్పుడు నాకు తెలివి వచ్చింది. "అంటే బాబూ, నెలలో వచ్చింది అక్షరాలు మాత్రమే. బిల్లు చదవడం మొన్న మొన్ననే..."

కెవిన్ ఓపిగ్గా విన్నాడు. "మేడమ్, ఉత్తరంలో అసలు చదువు రాదన్నారు. ఇప్పుడు మూడు వారాల్లో వచ్చిందన్నారు. రెండూ మా దగ్గరున్నాయి. మూడోది కూడా రాసుకోమంటారా? రాసుకుంటాను. కాకపోతే ఫైలు వేరే డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది. వాళ్ళు మీ టీచరుకి ఫోన్ చేసి అడుగుతారు."

డోనాకి ఫోన్. మొదటి ఏడాదంతా బి అక్షరాన్నీ డి అక్షరాన్నీ తారుమారు చేసిన సంగతి ఆవిడ నోటితో రికార్డ్ అవుతుంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. ముప్పై ఏళ్ళ కాపురం. ఆయనకి నా మొహం చదవడానికి ఏ లైబ్రరీ అక్కర్లేదు.

"వద్దులెండి" అన్నారు ఆయనే, ఫోన్ వైపు వంగి. "రెండు వందల డెబ్బై అయిదు ఇవ్వండి."

చెక్కు వచ్చింది. పట్టుకుని డెంటల్ కాలేజీకి వెళ్ళాం. అక్కడి స్టూడెంటు కుర్రాడు చెక్కు చూశాడు, నోట్లోకి చూశాడు. "దీనికి క్యాప్ రాదు" అన్నాడు. "పీకడం మాత్రం వస్తుంది. రెండు వందల నలభై."

మా ఆయన పావుగంటలో బయటికి వచ్చారు. నోట్లో దూది, చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో పన్ను. కారెక్కాక డబ్బా నా ఒళ్ళో పెట్టి, దూది పక్కకి జరుపుకుని అన్నారు: "మీ డోనాకి గురుదక్షిణ నేను చెల్లించానని చెప్పు."

కాబట్టి ఆ నాలుగు పేజీల ఉత్తరం సాక్షిగా అందరి ముందూ ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఎంత పెద్ద ఆఫీసరు అడిగినా సరే, నా చదువుకి పట్టిన కాలం ఉన్నదానికంటే ఒక్క వారం తక్కువ చెప్పను. నా చేతిరాత ఎవరు మెచ్చుకున్నా వెంటనే ఫోన్ పెట్టేస్తాను. మా ఆయన నోట్లో ఇంకా ఇరవై ఏడు ఉన్నాయి, నేను స్వయంగా లెక్కపెట్టాను. వాటి మీద ఒట్టు.